కొంపలు ముంచే ఉద్యోగం

ఆ రోజుల్లో "ఏం ఉద్యోగం చేస్తున్నావమ్మా?" అని ఎవరైనా అడిగితే నాకు గుండెల్లో రాయి పడేది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల బెంగుళూరు వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోవాలి, అది కుదరకపోతే ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చోవాలి. మూడో దారి ఒకటుందని మా రాజమండ్రి చుట్టాలకు తెలియదు. నేనేమో నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, అట్టముక్కలతోనూ థర్మాకోలుతోనూ అరచేతిలో పట్టేంత ఇళ్ళు కట్టేదాన్ని. కట్టినంతసేపూ మావాళ్ళు కూడా ముచ్చటగానే చూసేవారు. గొడవంతా ఆ తర్వాత మొదలయ్యేది. ఎందుకంటే నా అసలు ఉద్యోగం కట్టడం కాదు, కట్టినదాన్ని పాడుచెయ్యడం. బొటనవేలంత సైనికుల బొమ్మల్ని బల్లమీద నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధాలు ఆడుకునే పెద్దమనుషులు దేశదేశాల్లో ఉన్నారు (గడ్డాలూ మీసాలూ ఉన్నవాళ్ళే, పిల్లలు కారు). ఆ యుద్ధాలకి కొండలు కావాలి, కోటలు కావాలి, ముఖ్యంగా శిథిలాలు కావాలి. నిగనిగలాడే ఇంటి ముందు కొట్టుకుంటే వాళ్ళకి తృప్తిగా ఉండదట. అందుకని గోడకి పగులు పెట్టాలి, తలుపుకి చెద పట్టించాలి, ఇనుముకి తుప్పెక్కించాలి, చూరుకి నాచు పెంచాలి. దీన్ని మా పనిలో వెదరింగ్ అంటారు. ఏళ్ళ తరబడి ఎండా వానా చెయ్యాల్సిన పనిని స్పాంజి ముక్కతో ఒక పూటలో కానిచ్చెయ్యడమన్నమాట. "ఇంత చదువు చదివించింది కొత్తవాటిని పాత చెయ్యడానికా?" అని నాన్న అడిగితే నేను ఇంకో తలుపుకి చెద పట్టించేదాన్ని.

రంగులు పల్చన చేసే థిన్నర్ వాసనకి నాన్నకి ఆయాసం వచ్చింది. ఇడ్లీ రేకుల్లో తుప్పు రంగు కలిపానని (ఒక్క గుంటలోనే, అదీ కడిగాను) అమ్మకి కోపం వచ్చింది. ఇద్దరూ ఆలోచించి నన్ను ఉప్పాడలో పెద్దమ్మగారింటికి పంపించారు. పెద్దనాన్న నేతపని చేసేవారు. కళ్ళజోడు అద్దాలు మందమయ్యేకొద్దీ చీర మీది పువ్వులు ఆనడం మానేశాయి, ఆయన మగ్గం మానేశారు. అలా ఖాళీ అయిన మగ్గం గదిని నాకిచ్చారు. మగ్గం తీసేసినా, నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంట మాత్రం నేలలో అలాగే ఉంది. దానిమీద చెక్కలు పరిచి, ఆ పైన బల్ల వేసుకుని నా దుకాణం పెట్టాను. మొదటిరోజు మధ్యాహ్నమే ఒక సంగతి గమనించాను. కిటికీలు మూసినా సముద్రం వినపడేది. కిటికీలోంచి కాదు, గుంటలోంచి. చెక్కకి చెవి ఆనిస్తే కింద ఎవరో తడి చాప ఈడుస్తున్నట్టు ఒక చప్పుడు, కాసేపు ఆగడం, మళ్ళీ ఈడవడం. "అదేంటి పెద్దమ్మా?" అని అడిగితే, "అదా, సముద్రమే. కింద నించి వస్తోందంటారు. ఇదివరకు ఇంత గట్టిగా వినపడేది కాదులే," అని బెండకాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది. ఆ తర్వాత నేను ఆ చెక్కమీద చెవి పెట్టలేదు.

అప్పటికి నా చేతిలో ఉన్న పని పేరు 'సముద్రం మింగిన ఊరు'. బెంగుళూరులో ఈ యుద్ధాల బొమ్మలు చేయించి అమ్మే కంపెనీ సారు (తెలుగువాడే, కానీ తెలుగు మాట్లాడితే ఎవరైనా చూస్తారేమోనన్నట్టు మాట్లాడేవాడు) అప్పగించిన మొదటి పెద్ద బోర్డు, అంటే ఊరంతా అతికించిన యుద్ధాల పలక, అది. ఇది బాగా వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే నేను మళ్ళీ నాన్న చూపించే కంప్యూటరు ముందుకి. పెద్దమ్మ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుని నా పని చూసేది. "ఈ ఇళ్ళని ఏం చేస్తావే?" "నీళ్ళలో ముంచుతాను పెద్దమ్మా." "కట్టినవన్నీనా?" "అన్నీను." "ముంచినందుకు జీతమిస్తారా?" "ముంచినందుకే ఇస్తారు." ఆ సాయంత్రం ఫోనులో మా అత్తయ్యకి చెబుతోంది: "మన బుజ్జమ్మది కొంపలు ముంచే ఉద్యోగమంట వదినా. పెద్ద కంపెనీయేనంట." ఆ మాట రాజమండ్రి చేరేసరికి చుట్టాలందరూ పడీ పడీ నవ్వారు. మా చిన్నమావయ్య అయితే ఫోను చేసి మరీ, "ఇంకా ఎవరి కొంప ముంచావే?" అని పలకరించడం మొదలుపెట్టాడు. అదే మాటని పెద్దమ్మ వీధి అరుగుమీద కూర్చుని ఉప్పాడలో కూడా చెప్పింది. ఉప్పాడలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో ఒడ్డుకి వెళ్ళాక తెలిసింది. ఆ తీరాన్ని సముద్రం ఎప్పటినుంచో కొరుక్కు తింటోంది. పాత ఊరూ పాత గుడీ ఎక్కడని అడిగితే ముసలివాళ్ళు నీళ్ళకేసి చెయ్యి చూపిస్తారు. ఒడ్డు వరసలో చాలావరకు సగం ఇళ్ళే. మెట్లున్నాయి, మేడ లేదు. గోడకి మేకుంది, మేకుకి క్యాలెండరు ఉంది, ఆ క్యాలెండరు చూసుకోవడానికి గది లేదు. ఒక వంటింటి గూట్లో ఉప్పు సీసా అలాగే ఉంది, దాని కింద నేల లేదు, అల ఉంది. సొంతంగా ఊహించడం కంటే చూసి దించడం తేలికని నేను ఆ వరసంతా ఫోటోలు తీసుకున్నాను. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుందో, వలలు దాచుకునే ఇటుక గోడల పాక ఎటు తిరిగి ఉందో, ఉన్నదున్నట్టు బల్లమీద పేర్చేశాను. గోడలమీద సముద్రపు నీళ్ళే చిలకరించి ఆరబెట్టేదాన్ని, దానంతటదే ఉప్పు పొక్కేది. కప్పుల మీద పెంకులకి బదులు చేప పొలుసులు అంటించాను. ఫోటోలు పంపితే సారు, "ఎంత రియల్‌గా ఉందండీ! ఎలా ఊహించారు?" అన్నాడు. ఊహించలేదని నేను చెప్పలేదు.

మా పెద్దమ్మకి చేపలు పోసే మామ్మ ఒకావిడ ఉండేది. వేరే ఏ చేప ఉన్నా ముందు చందువ గురించే చెప్పేది కాబట్టి అందరూ చందువ మామ్మ అనేవారు. ఒకరోజు గంప దింపి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ మగ్గం గదిలోకి తొంగిచూసింది. ముందుగా ఆవిడ దృష్టి సారు పంపిన సైనికుల బొమ్మల మీద పడింది. సముద్రంలోంచి లేచివచ్చే రాక్షసులు వాళ్ళు, మనిషి ఒళ్ళు, చేప తల. "ఇదేం చేపండి?" అంది ఒకణ్ణి ఎత్తి పట్టుకుని. "చేప కాదు మామ్మా, రాక్షసుడు." "రాచ్చసుడేంటండి, పండుగప్ప. కోపమొచ్చిన పండుగప్ప. మొప్పలు తప్పు పెట్టారు సూడండి, ఇట్టా పెడితే ఊపిరాడదు." (సారుకి ఈ సంగతి రాస్తే, అది ఫాంటసీ అని జవాబిచ్చాడు.) ఆ తర్వాత ఆవిడ చూపు ఇళ్ళమీదకి మళ్ళింది. వేలు పెట్టి ఒక్కొక్కటే తాకుతూ, "ఇది మా మరిది ఇల్లు. ఇది వలల పాక. ఇది..." అని ఆగిపోయింది. నీలం తలుపు, రెండు మెట్లు, గడపలో పొదిగిన చిన్న శంఖం. అది చందువ మామ్మ ఇల్లు. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో స్వయంగా కట్టిన ఇల్లు. "ఆయ్, మా ఇల్లేనండి," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. నవ్వు అయ్యాక, "వీటన్నిటినీ ముంచేత్తారంట గదండి?" అని అడిగింది. నేను చేతిలోని స్పాంజిని వెనక్కి దాచుకున్నాను.

అసలు కథ వలల పాక దగ్గర మొదలైంది. ఒక మిట్టమధ్యాహ్నం, ఇంట్లో అందరూ నడుం వాల్చిన వేళ, నేను ఆ పాక మూల ఒకటి కత్తితో కోసి, ఇటుకలు బయటపడ్డట్టు చెక్కి, పగిలిన అంచుకి నీళ్ళ చార దింపాను. చెయ్యి తిరిగిన పని, నాకే ముచ్చటేసింది. అమావాస్య పోటుకి ఒడ్డున వలల పాక ఆ మూలే పోయింది. పెద్దమ్మ చూసొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, ముందు బోర్డుకేసి, తర్వాత నాకేసి చూసింది. "సముద్రం సముద్రం వైపు మూలనే కదా తింటుంది పెద్దమ్మా, రోడ్డు వైపు మూలని తింటుందా? కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం," అని చదువుకున్న పిల్లలా వివరించాను. మరో నాలుగు రోజులకి, నేను మరిది ఇంటి గోడమీద సన్నటి పగులు గీశాను. అది కిటికీ దగ్గర మొదలై కుడివైపు వంగి ఆగిపోతుంది. ఆదివారం ఆ మరిదిగారే వచ్చి నా పగులు దగ్గర ముఖం పెట్టి చూసి, "మా గోడకి నిన్న వచ్చిందండి ఇది. ఇట్టాగే, కుడికి," అన్నాడు. ఆయన వెళ్ళాక పెద్దమ్మ అంది: "కాకి వాలిన ప్రతిసారీ పండు పడుతుంటే, ఆ కాకిని కాస్త అనుమానించాలే."

అంతే, ఊళ్ళో నా పేరు మోగిపోయింది. పొద్దున్న లేచేసరికి అరుగుమీద జనం. ఎవరూ తిట్టలేదు, అరవలేదు. అదే నాకు మరింత భయంగా ఉండేది. పంచాయతీ ఆఫీసుకి వెళ్ళినట్టు చేతులు కట్టుకుని, మర్యాదగా విన్నపాలు చేసుకునేవారు. "మాది కాస్త వెనక్కి జరపండమ్మా, రోడ్డు అవతలకి." "మా ముందు నాలుగు బండరాళ్ళు వేయించండి." ఒకాయన, ఎలాగూ చెయ్యి పెడుతున్నారు గనక, పైన ఒక గది కూడా వేయించమన్నాడు. ఒక కోడలు ఎవరూ లేకుండా చూసి వచ్చి, తోడికోడలి వాటాకీ తన వాటాకీ మధ్య గోడ ఎక్కడుందో చూపించి, ముంచడమంటూ తప్పకపోతే ఆ గోడ దగ్గర ఆపమంది. నేను ప్రతివాళ్ళకీ, ఇది బొమ్మండీ, బెంగుళూరు వెళ్ళిపోతుందండీ, దీనికీ ఊరికీ సంబంధం లేదండీ అని చెప్పేదాన్ని. వాళ్ళు శ్రద్ధగా విని, "ఆయ్, అలాగేనండి. మాది మటుకు మర్చిపోకండి," అని వెళ్ళేవారు. వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు, ఎవరి శక్తికొద్దీ వాళ్ళు రొయ్యలో పీతలో తెచ్చేవారు. నేను వద్దంటుంటే పెద్దమ్మ వెనకనుంచి గిన్నె పట్టేది. నాకు సిగ్గేసి తిండి సయించలేదు (పీతల ఇగురు రోజు తప్ప).

ఆ గందరగోళంలో సారు వీడియో కాల్ చేశాడు. "అంతా సూపర్‌గా ఉందండి. కానీ ఆ నీలం తలుపు ఇల్లు మరీ హెల్దీగా ఉంది. చూపంతా దానిమీదకే పోతోంది. దాన్ని కూడా ముంచెయ్యండి, తలుపు సగానికి నీళ్ళు రావాలి." నేను "సరే సార్" అన్నాను. ఆ తర్వాత స్పాంజి చేతిలోకి తీసుకున్నాను, కింద పెట్టాను, మళ్ళీ తీసుకున్నాను. నేను సైన్సు చదివినదాన్ని. నమ్మకం లేదు. నమ్మకం లేనిదాన్ని చెయ్యడానికి భయమెందుకో మాత్రం సైన్సులో ఎవరూ చెప్పలేదు. చివరికి ఆ ఇంటి జోలికి పోకుండా ముందు సముద్రాన్ని పోసేద్దామని నిర్ణయించుకున్నాను. నీళ్ళకోసం రెసిన్ అని ఒక ద్రవం వాడతాం, రెండు సీసాలు కలిపి పోస్తే ఒక రోజుకి గాజులా గట్టిపడుతుంది. పెద్దనాన్న ఒకప్పుడు మగ్గం వాలు చూసుకున్న రసమట్టం తీసుకుని బోర్డు మీద నాలుగు వైపులా పెట్టి చూశాను, బుడగ కచ్చితంగా మధ్యలో నిలిచింది. మామ్మ ఇంటి మెట్లకి బాగా దూరంగా, సముద్రం వైపున పెన్సిలు గీత గీసి, అక్కడిదాకా పోసి, గది తాళం వేశాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తలుపు తీశాను. గదిలో పచ్చి చేపల వాసన, అది మామూలే. కింద గుంటలో చాప ఈడుస్తున్న చప్పుడు, అదీ అలవాటైపోయింది. కానీ నీళ్ళు గీత దగ్గర లేవు. మిగతా ఊరంతటా గీత దగ్గరే ఆగి, మామ్మ ఇంటి దగ్గర మాత్రం నాలుకలా ముందుకు సాగి, మొదటి మెట్టెక్కి అక్కడ గట్టిపడి ఉన్నాయి. రెసిన్ గోడల్ని పట్టుకుని పైకి పాకుతుంది, మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. పక్కింటి గోడల్ని ఎందుకు పాకలేదు? మళ్ళీ రసమట్టం పెట్టాను. బుడగ మధ్యలోనే ఉంది. అడ్డంగా మైనం కట్ట కట్టి, పైన ఇంకో పల్చటి పొర పోశాను. ఆ మర్నాడు చూస్తే కట్ట కింద నుంచి దూరి రెండో మెట్టెక్కి ఉన్నాయి. శంఖం చుట్టూ గడపమీద తెల్లగా ఉప్పు పొక్కి ఉంది. ఆ ఇంటిమీద ఉప్పునీళ్ళు చిలకరించింది నేనే, కాదనను. కానీ గడపకి కాగితం అంటించి మరీ చిలకరించాను, శంఖం పాడవకూడదని. వేలితో తుడిచి, నాలిక్కి రాసుకుని చూశాను. ఉప్పే. నా వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి వెనక్కి తిరిగితే, గుమ్మంలో నిజంగానే చందువ మామ్మ నిలబడి ఉంది. నేను వేసిన కేకకి పెద్దనాన్న నిద్ర లేచి, "దొంగా? దొంగా?" అంటూ కళ్ళజోడుకోసం పక్కంతా తడుముకున్నారు.

మామ్మ చేతిలో ఆరోజు గంప లేదు. బోర్డు దగ్గరికి వచ్చి, వంగి, రెండో మెట్టుమీది నీళ్ళని చూసింది. ఏడవలేదు, దండం పెట్టలేదు. "బయట కూడా ఇక్కడిదాకా వచ్చిందండి పొద్దున్న," అంది. నాకేసి తిరిగి, "అమ్మాయిగారండీ, మీ ఉద్యోగం మీకు కావాలి, నాకు తెలుసు. ముంచక తప్పదంటే ముంచండి. మా ఇల్లు మటుకు ఆకర్ని పెట్టుకోండి," అంది. ముంచొద్దంటే వాదించేదాన్ని, తిడితే తిట్టించుకునేదాన్ని. ఇలా వరసలో వెనక నిలబడతానంటే ఏం చెప్పను? ఆవిడ ఎదురుగానే కత్తి తీసుకుని ఆ ఇంటి పునాది చుట్టూ కోసి, బోర్డుమీద నుంచి ఊడబెరికాను. ఎప్పుడో అంటించిన ఇల్లు, కింద జిగురు ఎండి రాయి అయి ఉండాలి. అడుగున తడిగా ఉంది. అది ఆవిడకి కనపడకుండా చొక్కాకి తుడిచేసి, కిటికీ పైనున్న గూట్లో పెట్టాను. "గట్టెక్కించారా? ఇంక చాలండి," అని మామ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నేను కూడా పీల్చుకున్నాను.

ఖాళీ అయిన చోట ఎవరి ఇల్లూ కాని ఇల్లొకటి కట్టాను. గుండ్రటి కిటికీలు, సూదిలాంటి కప్పు, గుమ్మం పైన చేప పుర్రె. ఈ తీరంలో అలాంటి ఇంట్లో ఎవరూ కాపురం ఉండరని ఖాయం చేసుకుని, దాన్ని పీకలదాకా ముంచాను. మిగతా ఊరిని కూడా బోర్డు పేరుకి తగ్గట్టు ముంచక తప్పలేదు. సారుకి తెగ నచ్చింది. ఉద్యోగం ఖాయమైంది, బోర్డు పార్సిల్లో బెంగుళూరు వెళ్ళిపోయింది. మామ్మ గంపలో మంచి చందువ ఏరి తెచ్చి ఇచ్చింది. నేను వద్దన్నాను, పెద్దమ్మ గిన్నె పట్టింది. ఊళ్ళో కొంతమంది తమ ఇళ్ళు కూడా గూట్లో పెట్టలేదని నిష్ఠూరమాడారు. అంతటితో అయిపోయిందనే అనుకున్నాను.

తుఫాను మా మీదకి రాలేదు, ఎక్కడో పక్కనుంచి పోయింది. దాని కెరటాలు మాత్రం వచ్చాయి. ముందే హెచ్చరించారు గనక మనుషులూ సామానూ బడికి చేరారు. మధ్యాహ్నం, ఎండ కూడా కాస్తున్న వేళ, ఊరంతా రాళ్ళ గట్టు ఇవతల నిలబడి చూస్తుండగా మామ్మ ఇల్లు పోయింది. పెద్ద చప్పుడేం కాలేదు. మెట్లు పోయాయి, గడప పోయింది, గోడ కూర్చున్నట్టుగా దిగింది. నీలం తలుపు ఒక్కటే చట్రంతో సహా ఊడి, పడిపోకుండా, నిలువునా నీళ్ళలో నిలబడి కాస్త దూరం వెళ్ళింది. దాని వెనక ఎవరో పట్టుకుని నడుస్తున్నట్టే వెళ్ళింది. ఇక బోర్డుమీద నేను నిలువునా ముంచేసిన మరిదిగారి ఇల్లు, పగులుతో సహా, చెక్కు చెదరకుండా అక్కడే ఉంది (ఆ తర్వాత ఆయన, "మీ పని గట్టిది కాదండి," అని నా ముఖంమీదే అన్నాడు. దాంతో ఊళ్ళో నా పరపతి పోయింది, రొయ్యలూ ఆగిపోయాయి). అయితే ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగొస్తుంటే పెద్దమ్మ ఏ దురుద్దేశమూ లేకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు ఒక మాటంది. "బోర్డుమీద మామ్మ ఇల్లు లేదుగా మరి. ఒడ్డున ఉన్న ఇళ్ళన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు." నేను పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను. గదిలోకి వెళ్ళి చూస్తే గూట్లో ఇల్లు ఉంది, దాని నీలం తలుపు తెరుచుకుని ఉంది. కిటికీలోంచి వచ్చిన గాలికి తలుపు తెరుచుకుందని నాకు తెలుసు. తెలిసినా దాన్ని మూయడానికి నాకు చెయ్యి రాలేదు.

మామ్మకి ముఖం ఎలా చూపించాలా అనుకుంటుంటే ఆవిడే వచ్చింది. కొడుకూ ఆవిడా రోడ్డు అవతల ఒక గది అద్దెకి తీసుకున్నారట. మగ్గం గదిలో నేలమీద కూర్చుని, "మా ఇల్లు ఇయ్యండి," అంది. అందుకే వచ్చిందని నాకు వెంటనే అర్థం కాలేదు. గూట్లోంచి దించి ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పెద్దమ్మ అన్న మాట..." అని నేను మొదలుపెడితే వినిపించుకోలేదు. "గట్టున పెట్టారుగా, ఉంది. సముద్రానికి ఒకటి, నాకు ఒకటి," అంది. ఆ తర్వాత గోడమీద వేలితో రాస్తూ, "ఇంత పాతగా ఉందేంటండి?" అని అడిగింది. ఉప్పు పొక్కిన గోడలు, పెచ్చులూడిన నీలం, చూరుకింద నాచు. అంతా నేను ఎంతో ఇష్టంగా వేసిన పాతదనం, సారు మెచ్చుకున్న పాతదనం. "నేను కాపురానికొచ్చినప్పుడు ఇట్టా లేదండి. గోడకి సున్నం కొట్టి నాలుగు రోజులు కూడా అవలేదు. తలుపు ముట్టుకుంటే చేతికి నీలం అంటింది, అందరూ నవ్వారు. అట్టా చేసి ఇయ్యండి. మీకు చిటికెలో పని."

చిటికెలో పని కాదు. నేను కొన్ని రోజులు కుస్తీ పట్టాను. తెల్ల రంగు వేస్తే పాత గోడకి ప్లాస్టర్ వేసినట్టుండేది. చెరిపి మళ్ళీ వేసేదాన్ని. గోడ అంచు దగ్గరికి రాగానే నా ప్రమేయం లేకుండా చెయ్యి స్పాంజి అందుకుని కాస్త అరగదీసేది, మూలల్లో కాస్త మసి పూసేది. పాతది చెయ్యడమే తప్ప కొత్తది చెయ్యడం నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. అన్ని ఇళ్ళు కట్టినదాన్ని, ఒక్క కొత్త ఇంటిని చెయ్యలేక మగ్గం గదిలో కూర్చుని ఏడ్చాను. చివరికి రంగు సీసాలన్నీ పక్కన పెట్టి, పెద్దమ్మ తమలపాకుల పెట్టెలో సున్నం తీసి, చిటికెడు నీలిమందు కలిపి, పిల్లలు పూసినట్టు మందంగా పూసేశాను. తలుపుకి నీలం వేసి, ఆరకముందే మామ్మ చేతికిచ్చాను. వేళ్ళకి నీలం అంటుకుంది. ఆవిడ ఆ వేళ్ళకేసి చాలాసేపు చూసుకుంది. తర్వాత ఇంటి ముందు అంగుళం మేర ఉన్న అట్టముక్కని చూపించి, "మరి ఇక్కడ అరటిచెట్లు, అటేపు ఓ వీధి, దాని ముందు ఇంకో వీధి, ఆ తర్వాత ఇసక. అప్పుడు సముద్రం. అంతదూరం ఉండేదండి," అంది. "అదంతా చెయ్యాలంటే ఈ గది సరిపోదు మామ్మా," అన్నాను. "సరిపోదులెండి," అని ఒప్పుకుని, ఇంటిని కొంగులో చుట్టి, గంపలో చేపలకి తగలకుండా ఒక పక్కన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పటికీ నాది అదే ఉద్యోగం. కొంపలు ముంచి బతుకుతున్నాను, చుట్టాలు కూడా అలవాటుపడ్డారు. ఒకటే తేడా. ఈ రోజుల్లో ఏ ఇల్లయినా సరే, ముందు కొత్త ఇంటిగానే పూర్తి చేస్తాను. గోడలకి తెల్లగా సున్నం రంగు, తలుపుకి గట్టి నీలమో పచ్చో, గుమ్మానికి పసుపు చుక్క. అలా ఒక రోజంతా కిటికీలో ఉంచి, మర్నాడు స్పాంజి తీస్తాను. ఎలాగూ కప్పబడిపోయే రంగు ఎవరు చూస్తారని సారు విసుక్కుంటాడు, నిజమే, ఎవరూ చూడరు. మొన్న నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి కూడా అడిగింది. నేనేదో పొరలూ అతుకుడూ అని సాంకేతికంగా చెప్పాను. పాచికలు వేసుకునే ఆ గడ్డాలవాళ్ళకి తెలియకపోతేనేం, ఆ ఇంట్లో ఎవరో కాపురానికి వచ్చి ఉంటారు కదా, ఒక్క రోజైనా వాళ్ళ చేతికి నీలం అంటాలి కదా అని చెబితే, ఆ అమ్మాయి వయసులో, ఇరవైమూడేళ్ళప్పుడు, నేనైతే పడీ పడీ నవ్వేదాన్ని.